తల కింద చెయ్యి

"తల! తల కింద చెయ్యి పెట్టండి!"

నర్సు మాట పూర్తయ్యేలోపే లిఫ్టు మెకానిక్ చేతుల్లోంచి బొమ్మ జారి, టబ్బు అంచుకు తగిలి, నేలమీద బోర్లా పడింది. గదిలో ఉన్న కాబోయే తండ్రులంతా గొల్లుమన్నారు.

"బొమ్మ కాబట్టి బతికిపోయింది," అంది నర్సు. ఆమె ఒక్కతే నవ్వలేదు. "పడేసినవాళ్ళకి గుర్తుండదు. పడ్డవాళ్ళకే ఉంటుంది. తియ్యండి."

అతను వంగి తీశాడు. చెవులు వేడెక్కిపోయాయి. ఎంతో ఎత్తున, చీకటి గోతిమీద ఇనప తాడు పట్టుకుని వేలాడినా వణకని చేతులవి. మూరెడు ప్లాస్టిక్ బొమ్మని నిలపలేకపోయాయి.

ఆసుపత్రి మేడమీద ఆదివారాలు జరిగే క్లాసు అది. పక్కగదిలో గర్భిణులకు వ్యాయామాలు, ఈ గదిలో మొగుళ్ళకు పిల్లల పెంపకం. అందరూ కుర్రాళ్ళే. చెంపలు నెరిసినవాడు మెకానిక్ ఒక్కడే. మొదటిరోజే పక్కనున్న బ్యాంకు గుమస్తా, "మనవడి కోసమా అంకుల్?" అని అడిగేసి, ఆనక నాలిక్కరుచుకున్నాడు.

ఆ మొదటిరోజే నర్సు హాజరు పిలుస్తూ అతని పేరు దగ్గర ఆగింది. ఇంటిపేరుతో సహా మళ్ళీ చదివి తలెత్తింది.

"మొదటి బిడ్డేనా?"

అందరినీ అడిగిన ప్రశ్నే. అతను నోరు తెరిచేలోపే, పక్కగదికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగిన భార్య అందుకుంది. "ఇద్దరికీ మొదటిదేనమ్మా! ఇన్నాళ్ళూ పెళ్ళి ఊసెత్తని మహానుభావుడు. నా పుణ్యమా అని ఓ ఇంటివాడయ్యాడు."

అందరూ నవ్వారు. అతను మాత్రం తల దించుకున్నాడు.

"సరే, కూర్చోండి," అంది నర్సు.

అప్పట్నించి ఆమె అతన్ని వదిలిపెట్టలేదు. గుమస్తా లంగోటీ తిరగేసి కట్టినా "పర్లేదు, అదే వస్తుంది" అనేది. మెకానిక్ దగ్గరికొచ్చేసరికి ఒకటే మాట, "మళ్ళీ". పాలసీసా వేడి మణికట్టుమీద చూసుకోకపోతే మళ్ళీ. తేన్పు రాకముందే భుజంమీంచి దించితే మళ్ళీ. ముక్కున వేలేసుకుని చూస్తున్న కుర్రాళ్ళ మధ్య అతను బడిలో గుంజీళ్ళు తీసే పిల్లాడిలా అన్నీ మొదట్నించి చేసేవాడు. ఎదురు చెప్పేవాడు కాదు.

ఇంటికెళ్తూ బస్సులో భార్య ఊరుకోలేకపోయింది.

"ఏవండీ, ఆ పిల్లకి మీమీద ఏం కక్షో నాకర్థం కాదు. మీ వయసులో సగం లేదు! తలుపు సందులోంచి చూశాను, దులిపి పారేస్తోంది."

"నేను సరిగ్గా చెయ్యట్లేదు. చెప్తోంది."

"వేరే క్లాసుకి మారిపోదాం."

"వద్దు," అన్నాడతను. గొంతు మరీ గట్టిగా వచ్చేసరికి తనే తడబడ్డాడు. "ఆవిడ దగ్గరే నేర్చుకుంటాను."

ఇంట్లో దిండుకి తువ్వాలు చుట్టి సాధన చేసేవాడు. దిండుకి స్నానం, దిండుకి పౌడరు, దిండుకి జోల. కుట్టుమిషను ముందు కూర్చుని బుల్లి చొక్కాలు కుడుతున్న భార్య, మెడలో టేపు ఊగేలా నవ్వేది. ఒకరోజు నవ్వాపి దగ్గరికొచ్చి అతని భుజంమీద తల వాల్చింది.

"మా అక్కచెల్లెళ్ళ మొగుళ్ళలో ఒక్కడంటే ఒక్కడు పిల్లల్ని ఎత్తుకున్న పాపాన పోలేదు. మీలాంటివాడు దొరకడం నా అదృష్టం."

ఆ మాట చెంప ఛెళ్ళుమనిపించినట్టు తగిలింది. దిండు పక్కన పెట్టేసి, ఏదో పనున్నట్టు పెరట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పి, అవసరం లేకపోయినా మొహం కడుక్కున్నాడు. కుళాయి పక్క గోడకున్న అద్దంలో తన మొహం తనకే చూడబుద్ధి కాలేదు.

ఆఖరి క్లాసు రానే వచ్చింది. నర్సు ఆరోజు బొమ్మల జోలికి పోలేదు.

"ఒక్కొక్కరూ మీ భయమేంటో చెప్పండి. ఈ మాటలు ఈ గది దాటవు."

ఒకడికి నిద్ర పట్టదేమోనని భయం. ఒకడికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. గుమస్తాకి వాళ్ళత్తగారు వచ్చి తిష్ఠవేస్తారని భయం. అందరూ పగలబడి నవ్వారు. మెకానిక్ వంతు వచ్చింది.

"పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే... టీ తాగొస్తానని చెప్పులేసుకుంటానేమోనని భయం. తాగాక వెనక్కి తిరక్కుండా, అలా నడుచుకుంటూ పోతానేమోనని."

"ఎక్కడికి పోతారు సార్?" గుమస్తా నవ్వాడు. "ఆకలేస్తే కాళ్ళే ఇంటికి లాక్కొస్తాయి!"

"కొందరివి లాక్కురావు," అంది నర్సు.

మెకానిక్ తలెత్తలేదు.

క్లాసయ్యాక అందరూ దిగిపోయారు. అతను మాత్రం టబ్బు తుడుస్తూ ఉండిపోయాడు. నర్సు తువ్వాళ్ళు మడతపెడుతోంది.

"ఇందాక చెప్పింది మీ ఆవిడకి తెలుసా?"

"తెలీదు."

"ఎప్పటికీ చెప్పరా?"

"చెప్తాను." తడిగుడ్డ పిండి టబ్బు అంచున ఆరేశాడు. "ఇవాళే. ఏదీ దాచకుండా చెప్తాను. ఆ తర్వాత ఉంచుకుంటుందో, పొమ్మంటుందో..."

"పొమ్మన్నా గుమ్మంలోనే కూర్చోవాలి. అది కూడా పెంపకంలో భాగమే."

అతను తలూపాడు. కింద మెట్ల దగ్గర్నుంచి భార్య పిలుస్తోంది. "ఏవండీ! బస్సు వెళ్ళిపోతుంది!"

అతను గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. వెనక తువ్వాళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"ఈసారి వదిలేసి వెళ్ళిపోకు, నాన్నా."