పచ్చ పట్టీ

అఖిల మెడ ప్రత్యర్థి మోచేతి మడతలో బిగుసుకుంది. ఆమె నుదుటి పట్టీ మాత్రం పచ్చగానే వెలుగుతోంది. మెదడుకు రక్తం అందకపోతే పట్టీ ఎర్రబడుతుంది. అప్పుడే రెఫరీ పోటీ ఆపాలి. ఇప్పుడు దేశంలో ప్రతి బరిలోనూ అదే నియమం.

రెఫరీ స్వరూప మోకాళ్ల మీద కూర్చుని, తన వేలిని అఖిల అరచేతిలో పెట్టింది. పట్టీలు రాకముందు నేర్చుకున్న పద్ధతి అది.

"అఖిలా, నా వేలు నొక్కు."

అరచేయి కదల్లేదు. మళ్లీ అడిగింది. మూడోసారి కూడా అడిగి, ప్రత్యర్థి చేతులను విడదీసింది.

వరంగల్ స్టేడియమంతా గోల పెట్టింది. పోటీల అధికారి మధుకర్ బరిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"పచ్చ మీద ఆపుడేంది మేడమ్? మీ లైసెన్సు పోతది."

"పోతే పోనీ సార్."

కాసేపటికి అఖిల లేచి కూర్చుని స్వరూపను కోపంగా చూసింది.

"ఎందుకాపినవక్కా? నాకంతా తెలుస్తనే ఉండె. ఇంకొంచెం ఆగితే విడిపించుకుంటుంటి."

"అయితే నేను నిన్ను ఏమడిగిన్నో చెప్పు."

"నువ్వెప్పుడడిగినవ్? ఏం అడగలే."

స్వరూప మధుకర్ వైపు తిరిగింది.

"విన్నరు గద సార్. ఇగ రాస్కోండి, పచ్చ మీదనే ఆపిన."