ఆఖరి మీట

తెలంగాణ సమ్మె ముగిసి ఆఫీసు తెరిచిన వారానికి, కంప్యూటర్లు చూసుకునే ఇంద్రకరణ్ ఆ పని చేశాడు. మెదక్ ఆఫీసులో ఏ కంప్యూటర్లో ఏ పేజీ తెరుచుకోవాలో, ఏది తెరుచుకోకూడదో తన గదిలో కూర్చునే నిర్ణయించగలడు. ఆ పొద్దున అక్కడే పనిచేసే సుమనక్క కంప్యూటర్లో ఇంటర్ ఫలితాల పేజీ రాకుండా ఆపేశాడు. ఎండాకాలంలో, ఫలితాల ముందు రాత్రి ఆమె కొడుకు వంశీ ప్రాణం తీసుకున్నాడు. రోజూ సాయంత్రం వాడి నంబరు కొట్టుకుంటూ కూర్చుంటోందని ఆఫీసంతా అనుకునేది. చూడలేకనే ఆపాడు.

చీకటి పడింది. అందరూ వెళ్లిపోయారనుకున్నాడు. పొద్దున ఆపేసిన పేజీ సుమనక్క కంప్యూటర్లో తెరిచే ఉన్నట్టు అతని తెర చూపించింది.

హాల్లోకి వెళ్లాడు. సుమన తన కుర్చీ ఖాళీగా వదిలి, పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. కీబోర్డు టక్కుమంది. తెర మీద హాల్‌టికెట్ నంబరులో ఇంకో అంకె పడింది.

"అక్కా, ఎవరు కొడుతుండ్రు?"

"అందరు నేననుకుంటుండ్రు." ఆమె తల తిప్పలేదు. "నేను ఊకె పక్కన కూసుంట తమ్మీ. నంబరంత కొడ్తడు. ఫలితం జూపే ఆఖరి మీట నొక్కడు. భయపడ్తుండు."

చివరి అంకె పడింది. చప్పుడు ఆగిపోయింది.

సుమన ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది.

"నొక్కు బిడ్డా. ఫెయిలైనా నేనేమన. గా మాట గా రాత్రే చెప్పకపోతి."

ఎవరో ముందుకు వంగినట్టు కుర్చీ కిర్రుమంది.