వెలగని వెనక లైటు

“పక్కకి ఆపు బండి.”

ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. ఆ స్కూటర్‌కి వెనక లైటు వెలగడం లేదని మొదటిసారే చూశాడు. వెనక కూర్చున్న పెద్దావిడ మొహం చూసి, పోనీలే అని ఊరుకున్నాడు. కాసేపటికి అదే స్కూటర్ మళ్ళీ వచ్చింది. లైటు బాగు చేయించుకోమని సైగ చేసి వదిలేశాడు. ముచ్చటగా మూడోసారి కూడా కళ్ళముందు నుంచే పోతుంటే ఎంత మెత్తటి మనిషికైనా రోషం రాకుండా ఉంటుందా?

“లైటు లేకుండా ఈ షికార్లేంటయ్యా?”

“పొద్దున వెలిగింది సార్, నేనే చూశాను,” అన్నాడు కుర్రాడు చిరాగ్గా. “ఇంటికి పోదామంటే మా అమ్మ తిప్పుతూనే ఉంది. ఓసారి బొత్తాలు మర్చిపోయిందట, ఓసారి కళ్ళద్దాలు.”

తల్లి కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్టుంది, కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది.

“సరే, బండి కాగితాలు చూపించి వెళ్ళు.”

“ఇంట్లో ఉన్నాయి సార్.”

“సీటు కిందే పెట్టావు కదరా,” అంది తల్లి.

కుర్రాడి మొహం పాలిపోయింది. తాళం తిప్పడానికి చేతులు రాలేదు. చివరికి కానిస్టేబులే సీటు ఎత్తాడు. కాగితాల అడుగున ఓ పాత మేజోడు, అందులో తెల్లటి పొడి ఉన్న చిన్న పొట్లం. మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లాడు. చూడనట్టు సీటు దించేద్దామా అని కూడా ఆయనకి అనిపించింది. కానీ చుట్టూ జనం మూగారు, అవతలి పక్క నుంచి ఎస్సై కూడా వచ్చేశాడు.

జీపు ఎక్కిస్తుంటే కుర్రాడు “అమ్మా” అని ఏడ్చాడు. ఆవిడ వాడి వైపు చూడలేకపోయింది.

స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చున్న ఆవిడకి కానిస్టేబుల్ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

“వాణ్ణి కొడతారా బాబూ?”

“ఎవరూ చెయ్యి వెయ్యరమ్మా. ఎస్సైగారికి చెప్పి వచ్చాను. దొరికింది కాస్తే, పైగా మొదటిసారి. జైలుకి కాకుండా, అలవాటు మాన్పించే ఆసుపత్రికి పంపమని వకీలు చేత అడిగించండి.”

“అక్కడ తలుపులు వేసి ఉంచుతారా? బయటికి పోనివ్వరుగా?”

“పోనివ్వరు.”

ఆవిడ గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టింది. “వీడి స్నేహితుడు పోయిన నెల ఈ పొడితోనే పోయాడు. వాళ్ళమ్మకి ఒక్కగానొక్క కొడుకు.”

కానిస్టేబుల్ ఆవిడ పక్కనే కూలబడ్డాడు. “ఆ పాడు బల్బు వెలిగి ఉంటే నేను ఆపేవాణ్ణే కాదమ్మా. రెండుసార్లు వదిలేసినవాణ్ణి, మూడోసారి కూడా వదిలేయాల్సింది. మీ ఉసురు నాకు తగులుతుంది.”

“అంత మాట అనకండి. మీరు వదిలేసిన రెండుసార్లూ నా ప్రాణం పోయినంత పనైంది,” అంది ఆవిడ. “వాడికి మాత్రం ఎప్పుడూ చెప్పకండి.”

చేతిసంచి తెరిచి, కుట్టుమిషను స్క్రూడ్రైవరు పక్కకి జరిపి, అడుగు నుంచి వెనక లైటు బల్బు తీసి ఆయన చేతిలో పెట్టింది.