గోడకి గుద్దిన కారు

టూరిన్‌లోని ఆ వీడియో గేముల కంపెనీ, తమ కార్ల రేసు నిజంలా ఉందో లేదో చెప్పమని పాతకాలపు ర్యాలీ డ్రైవరు ఎత్తోరేని పిలిచింది. ఆయన తెర మీది కారుని కావాలనే రాతిగోడకి గుద్దాడు. దాని మీద సన్నటి గీత పడింది. కారు మళ్లీ పరుగందుకుంది.

"దీన్ని యాక్సిడెంటంటారా? పిల్లి గీరినట్టుంది! నువ్వసలు ఎప్పుడైనా కారు నడిపావా అమ్మాయ్, లేక ట్రాములెక్కడమేనా?"

గేము తయారుచేసిన లవీనియాకి ఒళ్లు మండింది. "కార్లు నలగడం చూపిస్తే కార్ల కంపెనీలు ఒప్పుకోవు. అందుకే దాచాం. అసలుది పెడతాను, ఇప్పుడు గుద్దండి."

ఆయన గుద్దాడు. కుడివైపు తలుపు లోపలికి మడతపడింది, పైకప్పు కుంగింది, పక్క సీటు ఇనుములో కలిసిపోయింది.

"ఇప్పుడేమంటారు, మహానుభావా?" అంది లవీనియా.

ఎత్తోరే తెర మీది ఆ పక్క సీటుని వేలితో తాకాడు.

"మా తమ్ముడు ర్యాలీల్లో నా పక్కన కూర్చుని, రాబోయే మలుపులు కాగితంలో చూసి చదివి చెప్పేవాడు. ఆ రోజు కారు ఇలాగే గోడకి గుద్దగానే నాకు స్పృహ తప్పింది. వాడెలా పోయాడని ఎవర్నడిగినా మాట దాటేశారు."

లవీనియా కంగారుగా తెర ఆర్పబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆర్పకమ్మా. కాసేపు చూడనీ."