సముద్రం దాకా పాట

ఎడమవైపు స్పీకరు అసలు పలకడం లేదు. కుడివైపుది పలుకుతోంది గానీ, పాట వెనకాల తేనెతుట్టె కదిపినట్టు ఒకటే రొద. వ్యాను పైకప్పుకు బిగించిన కొత్త టీవీ తెర ఒకసారి మినుకుమని ఆరిపోయింది.

ఎలియేసెర్ వ్యానులో బోర్లా పడుకుని, సీటు కింద తల దూర్చి వైర్లు లాగుతున్నాడు. చొక్కా ఎప్పుడో విప్పేశాడు. బరాన్‌కియా ఊరి ఎండకి బండి రేకు పెనంలా కాలుతోంది.

"ఇంకా ఎంతసేపు?" వంటింటి కిటికీలోంచి భార్య నూబియా కేకేసింది. "మొక్కజొన్న ఆరెపాలు వేయించడం అయిపోయింది. అత్తయ్య పూల గౌను కూడా వేసుకుంది. మళ్ళీ మనసు మార్చుకుంటే నాకు తెలీదు!"

అతని భయమూ అదే.

తండ్రి పోయిన దగ్గర్నుంచీ తల్లి ఎదెల్మీరా గదిలోంచి బయటికి రావడం మానేసింది. కంచంలో అన్నం సగం అలాగే ఉండిపోయేది. ఎవరు పిలిచినా "మీరు కానివ్వండి" అనేది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆదివారమైతే చాలు, అందర్నీ ఈ వ్యానులో కుక్కి, వీధంతా దద్దరిల్లేలా అకార్డియన్ పాటలు పెట్టి సముద్రానికి తీసుకుపోయేవాడు. ఆ సరదా ఆయనతోనే పోయింది. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. టాక్సీ మాటెత్తితే, "అద్దె బండిలో నాకేం పని?" అని గోడవైపు తిరిగి పడుకునేది.

చివరికి ఎలియేసెర్ ఆమె మంచం మీద కూర్చుని, "అమ్మా, ఈ ఆదివారం సముద్రానికి పోదాం. నాన్న బండిలోనే" అన్నాడు.

ఆమె గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"పిచ్చి పట్టిందేంట్రా నీకు?"

"పట్టింది. వస్తావా?"

పెదవి కొసన నవ్వు దాచుకుంటూ అంది. "పాట మీ నాన్న పెట్టినంత గట్టిగా వినపడాలి. లేకపోతే ఎక్కను."

అందుకే ఈ కొత్త స్పీకర్లు, ఈ తెర, సీటు కింద గుండెలదిరేలా మోగే ఈ పెట్టె. తీరా ఆదివారం వచ్చేసరికి ఇదీ పరిస్థితి.

వీధి పండగలకు స్పీకర్లతో గోడలు కట్టే నిమేసియో, భుజాన తన బ్యాటరీ మోసుకుంటూ వచ్చాడు. చెవి రిక్కించి విన్నాడు.

"ఇంజను రైజ్ చేస్తే ఈ రొద పెరుగుతోందా?"

"ఆ గొడవే లేదన్నా" అన్నాడు ఎలియేసెర్. ఎందుకో ఇద్దరూ నవ్వుకున్నారు.

"అయితే ఎర్త్ వైరులోనే ఉంది తిరకాసు. రంగు మీద బిగించి ఉంటావు, తెలివైనోడివి కదా!"

నిజమే. బోల్టు విప్పి, కింది రంగును ఇనుము మెరిసేదాకా చాకుతో గీకి, వైరు మళ్ళీ బిగించారు. రొద మాయమైంది. తెర వెలిగింది. సీటు పట్టాల మధ్య నలిగిన వైరు తెంపి అతికేసరికి ఎడమ స్పీకరు "ఓయ్" మని గొంతెత్తింది. ఎదురింటి కుక్క లేచి పారిపోయింది.

గది తలుపు తెరుచుకుంది. పూల గౌనులో ఎదెల్మీరా, నూబియా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"బెల్టులు పెట్టుకోండి అందరూ" అని హుకుం జారీ చేసింది.

వెనక కిటికీ సీటు కోసం పిల్లలు యురానిస్, దెయ్‌నెర్ కొట్టుకున్నారు. ఆరెపాల గిన్నె ఒళ్ళో పెట్టుకున్న నూబియా ఇద్దరికీ చెరొకటి తగిలించింది. పాట మొదలైంది. వీధి వీధంతా తలలు తిప్పి చూసింది.

"ఎక్కడికి వదినా ప్రయాణం?" గుమ్మంలోంచి నిమేసియో భార్య అరిచింది.

"సముద్రానికి!"

"చేపలు తీసుకురండి!"

ఎలియేసెర్ స్టీరింగు తిప్పాడు. పిల్లలు కిలకిలలాడుతూ ఒక పక్కకి ఒరిగారు.

"నెమ్మదిరా! మీ నాన్నకీ ఇదే జబ్బు, మలుపులో తగ్గించేవాడు కాదు."

"నానమ్మా, ఇంకా ఎంత దూరం?"

"ఇంకో రెండు పాటలు. నోరు మూసుకు కూర్చో."

రెండో పాట అయ్యీ అవకముందే పిల్లలు "సముద్రం!" అని గట్టిగా అరిచారు. అలల హోరు వ్యానంతా నిండిపోయింది. అందరి కళ్ళూ తెల్లని నురగ మీదే. ఎదెల్మీరా వేడి ఆరెపా కొరికింది. నూనె మోచేతి దాకా కారినా పట్టించుకోకుండా ఇంకోటి అడిగింది.

"నేను దిగి ఇసకలో ఆడుకోనా?" అన్నాడు దెయ్‌నెర్.

"అలలు పెద్దగా ఉన్నాయిరా. ఈసారికి కూర్చునే చూడు." ఆమె వాడికి కన్నుకొట్టింది. తర్వాత కళ్ళు మూసుకుని, భర్త పాడినట్టే శ్రుతి తప్పి పాడింది. నూబియా చప్పట్లు కొట్టింది. వెనక పిల్లల చిందులకి వ్యాను ఊగిపోయింది.

పొద్దు వాలుతుండగా ఎదెల్మీరా దిగింది.

"ఒక్క గుంత కూడా తగల్లేదు. రోడ్డు బాగుచేసినట్టున్నారు" అంది. "వచ్చే ఆదివారం ఇంకాస్త దూరం పోదాం. మీ నాన్న ఎప్పుడూ తీసుకెళ్ళని చోటికి."

గదివైపు వెళ్ళలేదు. వీధిలోకి కుర్చీ వేయించుకుని, నిమేసియో భార్యకి ప్రయాణం కబుర్లు మొదలుపెట్టింది.

ఎలియేసెర్ చెమట తుడుచుకుని, ఇంజను అమ్మేసి స్పీకర్లు కొన్న ఆ వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాలుండాల్సిన చోట పేర్చిన ఇటుకలు పిల్లల చిందులకి కదిలాయేమోనని వంగి చూసుకున్నాడు.