పాడించే సూది

“సూది అరిగిందయ్యా. గొంతు వస్తలేదు, జర జల్ది రా.”

రేడియో షాపుకు చేయబోయిన సవారమ్మ ఫోను తెలకపల్లి కంపౌండర్ మాశన్నకు తగిలింది. సూదిని కూడా అరిగించుకున్న ఆ కడుపెవరిదో అనుకుంటూ, ఇంటి గుర్తులు అడిగి, దారిలో కరెంటు పోయినా ఆగకుండా వెళ్లి తలుపు తట్టాడు. లోపల్నుంచి ఓ మగ గొంతు మెల్లగా, “లోపలికి రా” అంది.

లోపల దీపం వెలుగులో సవారమ్మ, ఇద్దరు పక్కింటి ఆడవాళ్లు, అంతే.

“రోగి ఏడమ్మా?”

ఆమె రికార్డ్ ప్లేయర్ చూపించింది. చనిపోయిన భర్త పాడిన నాటకం పాటల రికార్డు దానిమీదే ఉంది. ఈ సీడీల కాలంలో దానికి కొత్త సూది దొరకక నెలైంది. సంగతి తెలిసి అందరూ నవ్వారు.

“నాది ఏడిపించే సూది, నీకు పాడించే సూది గావాలె,” అన్నాడు మాశన్న. “మరి నన్ను లోపలికి రమ్మన్న పెద్దమనిషి ఏడి?”

నవ్వులు ఆగిపోయాయి. సవారమ్మ ఒక్కతే ఆశగా దగ్గరికొచ్చింది.

“గొంతు మంచిగున్నదా, కొడుకా?”