స్నేహితురాలి రాయబారి

"నాకు కాదండీ, మా స్నేహితురాలికి."

నర్సమ్మ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూసింది. ప్రతి మంగళవారం ఇదే మాట. అందుకే ఆ పిల్లకి రాయబారి అని పేరు పెట్టేసింది. రైలు స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఉచిత ఆరోగ్య కేంద్రం అది. మత్తు ఎక్కించుకునేవాళ్లకి కొత్త సూదులు, ఒళ్లమ్ముకుని బతికేవాళ్లకి నిరోధ్‌లు ఇస్తారు. హెచ్ఐవి పరీక్ష చేస్తారు. పేర్లు మాత్రం అడగరు.

"ఏమే రాయబారీ, మీ స్నేహితురాలికి దగ్గు తగ్గిందా?"

"తగ్గిందండీ," అంటూనే ఆ పిల్ల ఖళ్లుఖళ్లున దగ్గింది.

"అయ్యో పాపం, ఆవిడ దగ్గు నీకొచ్చినట్టుందే!"

ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి స్నేహితురాళ్లని నర్సమ్మ చాలామందినే చూసింది. అద్దంలో తప్ప ఇంకెక్కడా కనపడరు వాళ్లు. పైగా ఇంత ఎండలోనూ ఈ పిల్ల చొక్కా చేతులు మణికట్టు దాటి కిందికే ఉంటాయి. అయినా నర్సమ్మ ఆ నాటకం చెడగొట్టలేదు. చెప్పాల్సినవన్నీ ఆ లేని స్నేహితురాలికే చెప్పేది.

"సూదే కాదు, మత్తుమందు కలిపే చెంచా, నీళ్లు కూడా ఎవరితోనూ పంచుకోవద్దని చెప్పు."

"తనతో ఉండేవాడితో పంచుకుంటోందండీ. వేరే సూది తీసుకుంటే నా మీద ప్రేమ లేదా అంటాడట."

"ప్రేమకి సూదెందుకే? పువ్వు ఇమ్మను."

రాయబారి కిసుక్కున నవ్వింది. "ఇది చెప్తా. మీరేమన్నారో పొల్లుపోకుండా చెప్పించుకుంటుంది. మొన్నయితే నవ్వీ నవ్వీ ఏడ్చేసింది."

"మరి నిరోధ్ మాటేంటి?"

"వచ్చినవాడు వద్దంటే ఊరుకుంటోందండీ. మత్తు దిగిపోతుంటే గొడవపడే ఓపిక ఎక్కడిది?"

నర్సమ్మ నవ్వు ఆగిపోయింది. పొట్లంలో ఇంకో గుప్పెడు వేసింది.

"పరీక్షకి రమ్మను. ఒక్క చుక్క రక్తం, ఇరవై నిమిషాలు. ఉందని తేలినా, రోజూ మాత్ర వేసుకుంటే అందరిలాగే బతకొచ్చు."

"దానికి భయమండీ."

"తిట్టనని చెప్పు. అన్నం తిందా అని అడిగానని కూడా చెప్పు."

తర్వాతి మంగళవారం రాయబారి పరుగున వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వాడు ఆసుపత్రిలో పడ్డాడండీ. హెచ్ఐవి ఉందని తేల్చారు."

నర్సమ్మ లేచి తలుపు దగ్గరగా వేసింది. "ఇక నాటకం చాలు తల్లీ. చెయ్యి ఇటు ఇవ్వు." మణికట్టు పట్టుకుని చొక్కా చెయ్యి పైకి లాగింది.

సూది గుర్తు ఒక్కటీ లేదు. పాత కాలిన మచ్చ మాత్రం మోచేతి దాకా ఉంది.

"నాకు కాదని మొదటి రోజునించీ చెప్తూనే ఉన్నానుగా!" అంది రాయబారి కినుకగా.

నర్సమ్మ నాలిక్కరుచుకుంది. "అయితే నిజంగానే ఉందా నీ స్నేహితురాలు?"

"ఇన్నాళ్లూ సందు మొదట్లోనే ఆగిపోయేది. ఇవాళ మెట్ల దాకా ఈడ్చుకొచ్చా. లోపలికి మాత్రం రానంటోంది. మీకు మొహం చూపించలేనంది."

"నా దగ్గర సిగ్గేంటే? ఇంతమందిని చూశాను. నేనే పిలుస్తాను పద."

పరీక్ష సామాను బల్ల మీద సర్ది, చేతులు కడుక్కుని, నర్సమ్మ నవ్వుకుంటూ గుమ్మం దాటింది.

"ఎవరమ్మా ఆ మహారాణి? రాయబారాలు చాల్లే, లోపలికి రా!"

మెట్టు మీద ముడుచుకుని కూర్చున్న పిల్ల మెల్లగా తలెత్తింది.

వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోందనుకున్న తన కూతురే అది.